గులాబీల ఊరు, ఓయిజుమి ఇల్లు: మోతో హాగియో రక్తపిశాచుల ఒంటరితనం

1972 మార్చిలో జపాన్‌లోని ఒక బాలికల మాసపత్రికలో చిన్న బొమ్మల కథ ఒకటి అచ్చయింది. చార్లెస్ అనే కుర్రాడు ఒక అమ్మాయిని చూసి మనసు పారేసుకుంటాడు. వెలుగు పడితే పారదర్శకంగా మెరిసే వెండి జుట్టు ఆ అమ్మాయిది. కొన్నాళ్లకే ఆమె కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత, నడివయసుకొచ్చిన చార్లెస్‌కి అదే అమ్మాయి మళ్లీ కనిపిస్తుంది. అదే జుట్టు, అదే వయసు.

కథ దాదాపు ఇంతే. కానీ చదివిన వాళ్లకి గుండె ఎక్కడో కలుక్కుమంటుంది. మనకి దిగులు కలిగేది ముసలివాడవుతున్న చార్లెస్‌ని చూసి కాదు. ఎన్ని ఊళ్లు మారినా ఎవరితోనూ కలిసి ఎదగలేని ఆ అమ్మాయి గురించి. ఆ పత్రిక పేరు 'బెస్సాత్సు షోజో కామిక్'. రచయిత్రి మోతో హాగియో. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. 'పో వంశం' పేరుతో 1976 దాకా విడివిడి కథలుగా సాగి, ఆడపిల్లల బొమ్మల కథల దిశనే మార్చిన రచనకి అది మొదటి అడుగు.

జపాన్‌లో బొమ్మల కథల్ని మాంగా అంటారు. ఆడపిల్లల కోసం వేసే మాంగా 'షోజో మాంగా'. మన సాహిత్య విమర్శలో బొమ్మల కథలకి చోటు తక్కువ. భయానక కథలకైతే అసలే లేదు. అయినా ఈ రచన గురించి, దాని వెనక ఉన్న ఒక ఇంటి గురించి మనం మాట్లాడుకోవాలని నాకనిపిస్తోంది. ఎందుకంటే రెండింటిలోనూ ఉన్నది ఆడవాళ్ల ఒంటరితనం.

తెలుగులో ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. ఏకాంతాన్ని మనం కోరుకుంటాం, దాని కోసం పోట్లాడతాం. ఒంటరితనం ఎవరో మన మీద పెట్టేది. పైగా మన భాషలో 'ఒంటరి' అనే మాట ఆడవాళ్లకి అంటుకున్నంతగా మగవాళ్లకి అంటుకోదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన పింఛను పేరు 'ఒంటరి మహిళల' పింఛను. పిల్లలతో, తల్లితో, చెల్లెళ్లతో కలిసి బతుకుతున్నా సరే, పక్కన భర్త లేకపోతే ఆమె ఒంటరే. కాబట్టి ఒంటరితనం గురించి ఎవరైనా రాస్తే, అది ఎవరు లేకపోవడం వల్ల కలిగిన ఒంటరితనం అని అడగడం నాకు అలవాటైంది. హాగియో కథల్ని కూడా ఆ ప్రశ్నతోనే చదివాను.

రక్తపిశాచి సాహిత్యంలో ఒంటరితనం మొదటినుంచీ ఉంది. ఐర్లండ్ రచయిత షెరిడన్ లెఫాన్యూ రాసిన 'కార్మిల్లా' 1872లో వచ్చింది. స్టిరియా అడవుల్లోని ఒక కోటలో తండ్రితో ఉండే లారాకి ఈడు స్నేహితురాలంటూ లేదు. ఆ లోటులోకే కార్మిల్లా వస్తుంది. ఆమె ప్రేమిస్తుంది, లారా నెత్తురూ తాగుతుంది. చివరికి పెద్దమనుషులైన మగవాళ్లంతా కలిసి సమాధి తవ్వి ఆమెను సంహరిస్తారు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'లోనూ లూసీ గుండెలో మేకు దిగ్గొట్టేది ఆమెను ప్రేమించిన మగవాళ్లే. ఈ కథల్లో పిశాచి బయటినుంచి వచ్చిన ముప్పు. ఇంటిని కాపాడాలంటే దాన్ని చంపాలి. ఇల్లే ఒక ముప్పు అయితే ఏం చెయ్యాలో ఆ కథలు చెప్పవు.

జపాన్ బాలికల పత్రికల్లో ఆ ప్రశ్న 1960ల్లోనే తలెత్తింది. 'షోజో ఫ్రెండ్', 'మార్గరెట్' లాంటి వారపత్రికలు ఆ దశాబ్దపు తొలి ఏళ్లలో మొదలయ్యాయి. వాటిలో భయానక కథలకి గిరాకీ ఎక్కువ. 1965లో కజువో ఉమెజు 'షోజో ఫ్రెండ్'లో 'అమ్మంటే భయం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక కథ వేశాడు. అందులో తల్లి స్థానంలోకి పాము స్త్రీ వచ్చి చేరుతుంది. ఆ కథ చదివి వేలమంది ఆడపిల్లలు భయంతో నిద్ర మానుకున్నారంటే ఆశ్చర్యం లేదు. భయం బయట అడవిలో ఉండక వంటింట్లోకి వచ్చేసింది. అయితే ఆ కథలోనూ పాము వేరు, అసలు తల్లి వేరు. తల్లి మంచితనానికి ఏ మచ్చా లేదు. అప్పట్లో బాలికల పత్రికల సంపాదకుల్లో దాదాపు అందరూ మగవాళ్లు. కథలు వేసేవాళ్లలోనూ మగవాళ్లు చాలామంది. రక్తపిశాచుల్ని షోజో మాంగాలోకి తెచ్చిన తొలి కథల్లో ఒకటైన 'మంచు, గులాబీ, నక్షత్రం' (1962) కూడా షోతారో ఇషినోమోరిదే. దాని ప్రభావం తన మీద ఉందని హాగియో దాచుకోలేదు.

1949లో క్యూషూ దీవిలోని బొగ్గుగనుల పట్టణం ఓముతాలో హాగియో పుట్టింది. తల్లిదండ్రులకి మాంగా అంటే చదువు చెడగొట్టే పనికిమాలిన వ్యవహారం. చిన్నప్పుడు దాచుకుని చదివింది, దాచుకుని బొమ్మలు వేసింది. హైస్కూల్లో ఉండగా తెజుకా ఒసాము రాసిన 'షిన్సెన్‌గుమి' చదివి, ఇదే నా పని అని నిర్ణయించుకుంది. 1969లో తొలి కథ అచ్చయింది. పేరొచ్చిన తర్వాత కూడా తల్లిదండ్రులు ఆ పనిని మానిపించాలనే చూశారు. కూతురి వృత్తిని తల్లి మనసారా ఒప్పుకున్నది 2010 ప్రాంతంలో, అప్పటికి కూతురు అరవై దాటింది. 1992లో హాగియో 'ఇగువానా అమ్మాయి' అనే కథ రాసింది. అందులో తల్లి కళ్లకి పెద్దకూతురు ఇగువానాలా, పెద్ద తొండలా కనిపిస్తుంది. అద్దంలో చూసుకుంటే ఆ అమ్మాయికీ తను అలాగే కనిపిస్తుంది. ఉమెజు కథలో తల్లి పాము. ఇక్కడ తల్లి చూపే కూతుర్ని తొండని చేస్తుంది. పాతికేళ్లలో ఆ కథ చెప్పే గొంతు తిరగబడిన తీరు ఇది.

'పో వంశం'లో ప్రధాన పాత్ర ఎడ్గార్. అతనికి 14 ఏళ్లు, ఎప్పటికీ పద్నాలుగే. ఎడ్గార్, అతని చెల్లెలు మేరీబెల్ పసితనంలోనే అడవిలో వదిలేయబడ్డ పిల్లలు. గులాబీలు పూసే ఒక ఊరివాళ్లు వాళ్లని చేరదీస్తారు. ఆ ఊరివాళ్లు రక్తపిశాచులు. గులాబీల సారంతోనూ, మనుషుల నెత్తురుతోనూ బతుకుతారు. నిజం తెలిసిన ఎడ్గార్‌ని వాళ్లు తమలో కలుపుకోవాలని చూస్తారు. చెల్లెల్ని విడిచిపెడతామంటే తను ఒప్పుకుంటాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఆ ఒప్పందం తర్వాత చెల్లెలు కూడా అతని దగ్గరికే వస్తుంది, అతనిలాగే మారిపోతుంది. ఒక బారన్ దంపతులతో కలిసి వాళ్లు తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లల కుటుంబంగా ఊరూరా తిరుగుతారు. పిల్లలు పెరగడం లేదని ఇరుగుపొరుగు గమనించేలోపు మకాం ఎత్తేయాలి. అద్దంలో ప్రతిబింబం పడేలా, నాడి కొట్టుకునేలా నటించాలి. మామూలు కుటుంబంలా కనిపించడానికి నిరంతరం పడే ఈ పాట్లను హాగియో ఎంతో వివరంగా చూపిస్తుంది. చదువుతుంటే ఈ పాట్లు మన ఇళ్లలో కొత్తేమీ కాదు కదా అనిపిస్తుంది.

1879లో ఒక సముద్రతీరపు ఊళ్లో ఈ కుటుంబం బయటపడిపోతుంది. మేరీబెల్‌ని ఒక వైద్యుడు వెండి తూటాతో కాలుస్తాడు. పిశాచులకి శవం మిగలదు, ధూళిగా రాలిపోతారు. పెంచిన తల్లిదండ్రులు కూడా పోతారు. ఆ రాత్రి ఎడ్గార్, అలాన్ అనే కుర్రాడి కిటికీ దగ్గరికి వెళ్తాడు. ఆస్తి కోసం చుట్టాలు చుట్టుముట్టిన ఇంట్లో ఎవరూ లేనివాడు అలాన్. ఒంటరిగా ఉండటం నావల్ల కాదు, నాతో వస్తావా అన్న అర్థంలో ఎడ్గార్ అడుగుతాడు. అలాన్ వెళ్తాడు. మర్నాటికి కిటికీ తెరిచి ఉంటుంది, గది ఖాళీగా ఉంటుంది. (ఎడ్గార్, అలాన్, పో: అమెరికన్ రచయిత పేరును మూడు ముక్కలు చేసి పంచిందని పాఠకులకి వెంటనే తెలుస్తుంది.)

కార్మిల్లా నుంచి హాగియో ఎంత దూరం వచ్చిందో ఈ కిటికీ దగ్గర తెలుస్తుంది. పిశాచి ఇక్కడ ఆకలితో రాలేదు, తోడు కోసం వచ్చింది. ఆ తోడు అడగడంలోనే హింస ఉందని ఎడ్గార్‌కి తెలుసు. తన ఒంటరితనం తీరాలంటే ఇంకొకరి పెరుగుదల ఆగిపోవాలి. అలాన్‌ని ప్రేమిస్తున్నాడా, చెల్లెలి ఖాళీని పూరిస్తున్నాడా అన్నది అతనికే తేలదు. ఆ తర్వాతి కథలన్నీ ఈ అపరాధ భావం చుట్టూ తిరుగుతాయి.

ఇక్కడ ఒక స్త్రీవాద అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆడవాళ్లు ఆడపిల్లల కోసం రాసిన కథలో కేంద్రం ఇద్దరు మగపిల్లలెందుకు? మేరీబెల్ ఎప్పుడూ సుకుమారంగా, జబ్బుపడుతూ, అన్న రక్షణలోనే ఉండి, తొందరగా చచ్చిపోతుంది ఎందుకు? హాగియో 1971లో 'నవంబర్ జిమ్నేజియం' అనే హాస్టల్ కథను మొదట ఆడపిల్లల బడిలో ఊహించి చూసింది. కుదరక మగపిల్లల బడికి మార్చింది. ఆడపిల్లల పాత్రలు గీస్తుంటే నిజ జీవితంలోని అడ్డంకులన్నీ వాటితోపాటే కథలోకి వచ్చేశాయని, మగపిల్లలతో ఆలోచన తేలికపడిందని ఆ తరం రచయిత్రుల మాటల్లో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. దీన్ని తప్పించుకోవడం అనొచ్చు. తప్పించుకోవడమే. కానీ దేన్నుంచి తప్పించుకోవాల్సి వచ్చిందో కూడా చూడాలి. 1970ల మొదట్లో జపాన్ బాలికల పత్రికలో పద్నాలుగేళ్ల అమ్మాయి అర్ధరాత్రి ఒకరి కిటికీ దగ్గరికెళ్లి నాతో రా అని అడిగితే, అది ప్రేమకథ అయిపోతుంది, పెళ్లి ప్రశ్న వస్తుంది. ఎడ్గార్ అడిగితే అది ఒంటరితనం గురించిన కథ అవుతుంది.

అయినా ఆడవాళ్లు ఈ రచనలో లేరనుకోవడం పొరపాటు. 'గ్లెన్‌స్మిత్ డైరీ' అనే కథ పాతిక పేజీలు కూడా ఉండదు. 1865లో గ్లెన్‌స్మిత్ అనే పెద్దమనిషి దారితప్పి గులాబీల ఊరికి చేరతాడు, బయటపడ్డాక చూసింది డైరీలో రాసుకుంటాడు. అతను చనిపోయాక ఆ డైరీ కూతురు ఎలిజబెత్‌కి దొరుకుతుంది. ఆమె జర్మనీకి కోడలిగా వెళ్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలు, చావులు, పేదరికం. డైరీ మాత్రం ఆమె నుంచి ఆమె కూతుళ్లకి, వాళ్ల పిల్లలకి చేతులు మారుతుంది. నిజమో కాదో తెలియని ఒక ఊరి గురించి తండ్రి రాసిన మాటలు తనకెందుకు కావాలో ఎలిజబెత్‌కి బాధల్లో అర్థమవుతుంది. బతకడం మరీ కష్టమైనప్పుడు ముసలితనం, చావు లేని చోటు ఒకటి ఉందని నమ్మాలనిపిస్తుంది. ఇక్కడ పిశాచులు దాదాపు కనిపించరు. వాళ్లని ఊహించుకుంటూ పిల్లల్ని పెంచి, యుద్ధాల్ని దాటిన ఆడవాళ్ల చరిత్రే కథ. 'పో వంశం' మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

ఈ కథలు పుట్టిన కాలంలో హాగియో ఉన్నది టోక్యోలోని నెరిమా ప్రాంతంలో, ఓయిజుమి అనే చోట ఒక పాత రెండంతస్తుల ఇంట్లో. 1970 చివరలో ఆమె, తన ఈడుదే అయిన కేయ్‌కో తకెమియా కలిసి అక్కడ అద్దెకి దిగారు. ఎదురింట్లో నోరియే మసుయామా ఉండేది. సంగీతం నేర్చుకున్న మనిషి, సాహిత్యం, సినిమా బాగా తెలిసిన మనిషి. మాంగా వేయదు కానీ ఎలా ఉండాలో గట్టి అభిప్రాయాలున్నాయి. దేశం నలుమూలల నుంచి యువ రచయిత్రులు ఆ ఇంటికి వచ్చి రోజుల తరబడి ఉండేవారు, ఒకరి గడువుకి ఇంకొకరు సాయం పట్టేవారు. 1972లో హాగియో, తకెమియా, మసుయామా, ర్యోకో యమగిషి నలుగురూ కలిసి దాదాపు 45 రోజులు యూరప్ తిరిగి వచ్చారు. తమ కథల్లోని మెట్లు, కిటికీలు, వీధులు కళ్లారా చూశారు. ఆ తరం రచయిత్రుల్ని తర్వాత 'ఇరవై నాలుగో సంవత్సరపు బృందం' అన్నారు. షోవా శకం 24వ ఏడు, అంటే 1949, వాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల పుట్టడమే కారణం. ఓయిజుమి ఇంటికి 'సలోన్' అని పేరొచ్చింది.

ఇది మనకి నచ్చే కథ. ఇళ్లు వదిలి వచ్చిన యువతులు ఒకే కప్పు కింద కలిసి పనిచేసి ఒక కళారూపాన్ని మార్చేశారు. సోదరీత్వానికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ ఏం కావాలి? నేను కూడా మొదట ఈ కథనే చదివి మురిసిపోయాను.

కానీ ఆ ఇల్లు ఎక్కువకాలం నిలవలేదు. తకెమియా 2016లో తన జ్ఞాపకాల పుస్తకం వెలువరించింది. హాగియో ప్రతిభ పక్కన తను పడిన అసూయ, కుంగుబాటు, కలిసి ఉండలేక విడిపోదామనుకున్న తీరు అందులో దాచకుండా రాసింది. ఆ పుస్తకం వచ్చాక ఓయిజుమి మీద ఆసక్తి మళ్లీ రాజుకుంది. దాన్ని నాటకంగా తీస్తామని, ఇద్దర్నీ కలిపి మాట్లాడిస్తామని హాగియోని అడగడం మొదలైంది. ఆమె 2021లో 'ఓయిజుమి కథ, ఒకే ఒక్కసారి' అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం రాసింది. ఇక ముందు దీని గురించి ఎవరూ తనను అడగకుండా ఉండటానికే రాసింది.

అందులో ఆమె చెప్పేది ఇది. 1973 తొలి నెలల్లో 'పో వంశం'లోని 'చిన్ని పక్షి గూడు' అనే కథ మొదలైంది. అది జర్మనీలోని ఒక మగపిల్లల హాస్టల్లో జరుగుతుంది. తకెమియా కూడా అప్పటికి ఎన్నాళ్లుగానో మగపిల్లల హాస్టల్ నేపథ్యంలో ఒక పెద్ద రచన చేయాలనుకుంటోంది. అదే 1976లో మొదలైన 'గాలి, చెట్ల పాట'. ఆమె, మసుయామా కలిసి హాగియోని పిలిచి, ఇలాంటి బడి కథ ఎందుకు వేశావని నిలదీశారు. కొద్ది రోజులకి, ఇకమీద దూరంగా ఉండమనే ఉత్తరం అందింది. హాగియోకి ఆరోగ్యం పాడైంది, కళ్లు ఇబ్బంది పెట్టాయి. టోక్యో వదిలి సైతామాలో పల్లె వైపు మకాం మార్చింది. ఆనాటి నుంచి తకెమియా రచనలు చదవలేదని రాసింది. షోజో మాంగాలో విప్లవం తేవాలన్నది వాళ్లిద్దరి ఆశయమని, తను ఆ విప్లవంలో భాగమని ఎప్పుడూ అనుకోలేదని కూడా రాసింది.

ఆ కథలోని పరిస్థితి చూడండి. రాబిన్ అనే అనాథ పిల్లవాడు హాస్టల్లో తోటివాళ్ల వేధింపులు పడుతూ, చిన్నప్పుడు ఒకసారి కలిసిన ఎడ్గార్, అలాన్ వచ్చి తనని తీసుకుపోతారని ఎదురుచూస్తాడు. వాళ్లు వచ్చేసరికి అతను చనిపోయి ఉంటాడు. ఈ కథ ఆ విచ్ఛేదం నుంచి పుట్టలేదు, అప్పటికే మొదలైంది. జీవితాన్ని తెచ్చి కథకి అంటించి చదివే సులువు పద్ధతి ఇక్కడ పనికిరాదు. కానీ ఎవరూ రాని గూడు గురించి రాస్తున్న రోజుల్లోనే ఆ రాస్తున్న మనిషి గూడు చెదిరిందన్నది చరిత్ర.

మన సాహిత్య చరిత్రల్లో రచయిత్రుల్ని తరాలుగా, బృందాలుగా, ఉద్యమాలుగా రాసుకుంటాం. అలా రాసుకోకపోతే ఒక్కొక్కరినీ 'అసాధారణ ప్రతిభ' అనే పెట్టెలో పెట్టి పక్కకి నెట్టేస్తారని మనకి తెలుసు. 'బృందం' అనే మాట మనకి ఆయుధం. కానీ ఒక రచయిత్రి నన్ను ఆ బృందంలో లెక్కపెట్టొద్దు, ఆ ఇంటికి నన్ను మళ్లీ తీసుకెళ్లొద్దు అంటే మనం ఏం చేస్తాం? ఆమె గాయాన్ని వ్యక్తిగత విషయంగా కొట్టిపారేసి మన అందమైన కథని కాపాడుకుంటామా? అలా చేస్తే గులాబీల ఊరివాళ్లు ఎడ్గార్‌ని చేసిందే మనమూ చేస్తున్నట్టు. ఇరవై రెండేళ్ల వయసులో ఆమెను ఆపేసి, శాశ్వతంగా ఓయిజుమి మేడమీద కూర్చోబెడుతున్నట్టు.

అలాగని తకెమియాని దుర్మార్గురాలిని చేయడం కూడా ఆ కథకి రెండో ముఖమే. పత్రికలో పేజీలు తక్కువ, ఆడవాళ్లకి దక్కే చోటు తక్కువ. మగ సంపాదకుల మెప్పుతోనే బతుకు. ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఒకరి బొమ్మలు ఇంకొకరు చూస్తూ పనిచేసే ఇద్దరు యువతుల మధ్య అసూయ పుట్టడం వాళ్ల స్వభావ దోషం మాత్రమే కాదు. అసూయ గురించి ఒక పెద్ద రచయిత్రి అరవై దాటిన వయసులో బాహాటంగా రాయడం కూడా మన చరిత్రలకి అరుదుగా దొరికే సాక్ష్యం. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కనే ఉండనివ్వాలి. వాటిని కలిపి ఒక ఒప్పందానికి తేవడం మన పని కాదు.

'పో వంశం' మొదటి సంపుటి 1974లో వచ్చింది. షోగకుకాన్ సంస్థ 'ఫ్లవర్ కామిక్స్' వరుసలో అదే మొదటి పుస్తకం. తొలి ముద్రణ 30,000 ప్రతులు మూడు రోజుల్లో అయిపోయాయి. 1976లో హాగియోకి షోగకుకాన్ మాంగా పురస్కారం వచ్చింది. అదే ఏడాది 'ఎడిత్' అనే భాగంతో ఆ వరుసను ముగించింది. లండన్‌లో ఒక ఇంటి మంటల్లో అలాన్ పడిపోతాడు. రెండు వందల ఏళ్లకి పైగా 14 ఏళ్లవాడిగానే ఉన్న ఎడ్గార్ ఒక్కడే మిగులుతాడు. 40 ఏళ్లపాటు పాఠకులు ఆ ముగింపుతోనే ఉన్నారు.

2016లో, తకెమియా జ్ఞాపకాలు వెలువడిన సంవత్సరంలోనే, హాగియో ఆ వంశం కథని మళ్లీ మొదలుపెట్టింది. ఆ సంచిక ఉన్న పత్రిక దుకాణాల్లో దొరక్కుండా పోతే మళ్లీ ముద్రించాల్సి వచ్చింది. 2018లో అంతా ఆడవాళ్లే నటించే తకరాజుకా బృందం దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. రేచల్ థార్న్ ఇంగ్లీషు అనువాదం 2019లో, 2022లో రెండు సంపుటాలుగా వచ్చింది. నాలాంటి వాళ్ల చేతికి అందింది అప్పుడే.

కొత్త కథల్లో ఒకచోట, 2016 నాటి మ్యూనిక్‌లో ఎడ్గార్ మళ్లీ ప్రత్యక్షమవుతాడు. ఒళ్లంతా కాలిపోయి గుర్తుపట్టలేకుండా ఉంటాడు. చేతిలో ఒక పెట్టె, అందులో మంటల్లో పోయిన అలాన్ అవశేషాలు. ఎలాగైనా అతన్ని తిరిగి బతికించుకోవాలన్నదే అతని పట్టుదల. ఇరవయ్యేళ్ల వయసులో హాగియో గీసిన ఎడ్గార్ ఖాళీని కొత్త తోడుతో పూరించుకున్నాడు. అరవై దాటాక గీసిన ఎడ్గార్ మాత్రం ఇంకెవరి కిటికీ దగ్గరికీ వెళ్లడు. పోయినవాడి బూడిదని మోసుకుని తిరుగుతాడు. అది మొండితనమో, విశ్వాసమో నేను తేల్చి చెప్పలేను. పోయినవాళ్ల జాగాలో మరొకర్ని తెచ్చి కూర్చోబెట్టకుండా ఉండటం కూడా ఒంటరితనాన్ని భరించే పద్ధతేనని, ఓయిజుమి గురించి ఒక్కసారే మాట్లాడి తలుపు వేసేసుకున్న హాగియోకి తెలిసే ఉంటుంది.